మన కొలతకు మన బల్ల: ఇంట్లో కంప్యూటర్ బల్ల తయారీ



ఈనాటి ప్రసంగంలో ఇంట్లోనే చెక్కతో ఒక కంప్యూటర్ బల్ల తయారు చేసుకోవడం గురించి మాట్లాడుకుందాం. వడ్రంగి పనికీ సైన్సు పాఠానికీ ఏమిటి సంబంధమని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇంటర్మీడియట్‌లో మీరు యంగ్ గుణకం చదువుతారు. వృక్షశాస్త్రంలో దారువు, దాని కణాల అమరిక చదువుతారు. రసాయనశాస్త్రంలో పాలిమర్లు వస్తాయి. ఇక పైథాగరస్ సిద్ధాంతం హైస్కూల్లోనే అయిపోతుంది. పరీక్ష రాసి మరచిపోయే ఈ నాలుగు పాఠాలూ ఒక బల్ల దగ్గర కలుస్తాయి. వాటిలో ఏ ఒక్కటి మరచినా బల్ల ఊగుతుంది, లేదా కుంగుతుంది, లేదా మీ మెడ నొప్పి పుడుతుంది.

చేతిపనిని చదువులో కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ చేతివృత్తి చుట్టూ చదువును అల్లాలన్నారు. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పనిని పాఠ్యప్రణాళికలో చేర్చమంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి పక్కనపెట్టి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని చూసి నేర్చుకోవాలని చెప్పింది. మంచి మాటే. అయితే పది రోజుల్లో చిత్రిక పట్టడం కూడా చేతికి రాదని ఏ వడ్రంగి మేస్త్రిని అడిగినా చెబుతాడు. మిగిలినది మనం ఇంట్లోనే నేర్చుకోవాలి.

ముందుగా బల్ల ఎత్తు సంగతి చూద్దాం. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ఎందరో పిల్లలు మంచం మీద బోర్లా పడుకునీ, చాప మీద ముందుకు వంగి కూర్చునీ గంటల తరబడి తెర చూస్తూ పాఠాలు విన్నారు. ఆ అలవాటు చాలామందికి ఇంకా పోలేదు. మన తల బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. మెడ నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు వెన్నుపూసల మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. తల ముందుకు వంగిందంటే అదే బరువు మీటకు చివర వేలాడే బరువులా మారుతుంది. దాన్ని నిలబెట్టడానికి మెడ వెనుక కండరాలు అంతకు ఎన్నోరెట్ల బలంతో లాగుతూ ఉండాలి. మీరు చదివిన భ్రామకాల నియమమే ఇక్కడ కండరాల నొప్పిగా అనుభవానికి వస్తుంది.

బజారులో దొరికే బల్లలు సాధారణంగా 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. అది ఎవరి కొలత? కచ్చితంగా పద్నాలుగేళ్ళ పిల్లది మాత్రం కాదు. మీ కొలత మీరే తీసుకోండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోండి. భుజాలు వదులుగా దించి మోచేతిని లంబకోణంలో మడవండి. నేల నుంచి మోచేతి కిందికి ఎంత ఉందో మరొకరి చేత టేపుతో కొలిపించండి. కుర్చీ పీట ఎత్తు 42 సెంటీమీటర్లు, పీట నుంచి మోచేయి 24 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 66 అవుతుంది. కీబోర్డు మీది మీటలు దాదాపు ఆ ఎత్తులోనే ఉండాలి. ఈ పిల్లను 75 సెంటీమీటర్ల బల్ల ముందు కూర్చోబెడితే టైపు చేసినంతసేపూ భుజాలు పైకెత్తుకునే ఉంటుంది.

అందుకేనేమో, బజారు బల్లలకు కీబోర్డు కోసం కింద జారే అరను ఒకటి బిగిస్తారు. ఒకప్పుడు దానికి మరో కారణం కూడా ఉండేది. 2000ల నాటి పాత గాజుతెర మానిటర్, అందులోనూ 17 అంగుళాలది, 15 కిలోలకు పైగా తూగేది, బల్ల లోతునంతా తానే ఆక్రమించేది. కీబోర్డుకు చోటు కిందే దొరికేది. ఇప్పుడు పలుచని తెరలు వచ్చాయి గనుక ఆ అవసరం తీరింది. పైగా ఆ అర తొడల మీద కనీసం ఐదారు సెంటీమీటర్ల చోటు మింగేస్తుంది. బల్ల ఎత్తే మన కొలతకు సరిపోతే ఆ అర అక్కరలేదు. నా సలహా ఏమిటంటే దాన్ని పూర్తిగా మానేయండి.

మన బల్ల ఎత్తు 68 సెంటీమీటర్లు అనుకుందాం. తెర పైఅంచు మీ కంటి మట్టానికి సమంగానో, కాస్త కిందుగానో ఉండాలి. దూరం చేయి చాపినంత, అంటే 50 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలు. ల్యాప్‌టాప్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకటి సరైన ఎత్తులో ఉంటే రెండోది ఉండదు. ల్యాప్‌టాప్‌ను నాలుగు లావు పుస్తకాల మీద ఎత్తి పెట్టి, కీబోర్డు విడిగా తగిలించుకోవడం ఒక్కటే దీనికి మార్గం.

ఇక చెక్క. వానాకాలంలో మన ఇళ్ళలో తలుపులు పట్టేస్తాయి, ఎండాకాలంలో వదులవుతాయి. ఇది చూడనివారు ఉండరు. కలపలోని కణకవచాలు గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతాయి, తేమ పోతే కుదించుకుపోతాయి. విశేషం ఏమిటంటే ఈ ఉబ్బు అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. చెట్టు నిలువునా, అంటే నారపోగుల వెంట దాదాపు ఉండనే ఉండదు. వార్షిక వలయాల వెంట మాత్రం బాగా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేలోపు ఆ దిశలో ఐదారు శాతం కుదించుకుపోతుంది. ఈ మార్పంతా తేమ 30 శాతం నుంచి సున్నాకు దిగేటప్పుడు జరిగేది. అంటే తేమ ఒక శాతం మారితే వెడల్పు సుమారు 0.2 శాతం మారుతుంది. వేసవికీ వానాకాలానికీ మధ్య చెక్కలో తేమ 6 శాతం మారిందనుకోండి. 600 మిల్లీమీటర్ల వెడల్పు గల టేకు పలక 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అటూ ఇటూ కదలకుండా స్క్రూలతో బిగించేశారంటే ఆ పలకకు దారిలేక పగులుతుంది, లేకపోతే మెలితిరుగుతుంది. పాతకాలపు మేస్త్రులు పలకకు గాడి చేసి అందులో కదిలే వీలు ఇవ్వడం వెనుక కారణం ఇదే.

ఏ కలప దేనికి పనికివస్తుందన్న ఆలోచన మన దేశంలో ఎంతో పాతది. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో మంచాలు, ఆసనాల గురించి ఒక అధ్యాయమే ఉంది. వాటికి తగిన చెట్ల పేర్లు అందులో కనిపిస్తాయి. మన కొండపల్లి బొమ్మలకు పొనికి చెక్క వాడతారు. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి ఇట్టే లొంగుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర కావాలి. బొమ్మకు మేలైన పొనికి బల్లకాలికి పనికిరాదు. మంచి చెక్క, చెడ్డ చెక్క అని కాక, ఏ పనికి ఏది అని అడగాలి.

మన పనికి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అనువైనది. పలుచని కలప పొరలను ఒకదాని మీద ఒకటి అతికించి దీన్ని తయారుచేస్తారు. ఒక పొరలో నారపోగులు నిలువుగా ఉంటే దాని మీది పొరలో అడ్డంగా ఉంటాయి. ఏ పొరా తన వెడల్పు దిశలో ఇష్టమొచ్చినట్టు ఉబ్బలేదు, పక్క పొర పట్టి ఆపుతుంది. పొరల సంఖ్య ఎప్పుడూ బేసిగా ఉంటుంది, అప్పుడే మధ్యపొరకు ఇరువైపులా లాగుడు సమానమవుతుంది. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. తేమను తట్టుకునే రకాన్ని దుకాణాల్లో ఎం.ఆర్. అంటారు, మరుగునీటిని తట్టుకునేదాన్ని బి.డబ్ల్యూ.ఆర్. అంటారు. గదిలో ఉంచే బల్లకు మొదటిది చాలు. గోడకు చెమ్మ దిగే ఇల్లయితే రెండోది తీసుకోండి. చెక్కపొట్టును అదిమి చేసే పార్టికల్ బోర్డు చవకే, కానీ దాని అంచున స్క్రూ సరిగా నిలవదు, ఒకసారి తడిస్తే ఉబ్బి పొడిపొడిగా రాలుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. బల్ల పైపలక నిజానికి ఒక దూలం. దూలాల బలాన్ని లెక్కకట్టే ప్రయత్నం గెలీలియో 1638లో అచ్చయిన తన రెండు నూతన శాస్త్రాల గ్రంథంలో చేశాడు. మనకు ఇక్కడ కావలసింది విరుగుతుందా లేదా అన్నది కాదు, ఎంత కుంగుతుందన్నది. రెండు చివరలా ఆనిన పలక మధ్యలో బరువు పెడితే కలిగే కుంగుదల నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది. పొడవు ఘనంతో పాటు పెరుగుతుంది, మందం ఘనంతో తగ్గుతుంది, వెడల్పుకూ యంగ్ గుణకానికీ విలోమానుపాతంలో ఉంటుంది. ఘనం అన్న మాటను తేలికగా తీసుకోకండి. పొడవు రెట్టింపయితే కుంగుదల ఎనిమిది రెట్లవుతుంది.

మన పలక పొడవు 1200, వెడల్పు 600, మందం 18 మిల్లీమీటర్లు. ప్లైవుడ్ యంగ్ గుణకాన్ని చదరపు మిల్లీమీటరుకు 6000 న్యూటన్లుగా తీసుకుందాం. మధ్యలో 20 లీటర్ల నీళ్ళ క్యాను పెట్టండి. అది సుమారు 200 న్యూటన్ల బలం. సూత్రంలో వేసి చూస్తే పలక దాదాపు 4 మిల్లీమీటర్లు కుంగుతుంది. డబ్బు మిగులుతుందని 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొంటే అదే బరువుకు 14 మిల్లీమీటర్లు కుంగుతుంది. మందం మూడో వంతు తగ్గింది, కుంగుదల మూడు రెట్లకు మించి పెరిగింది. అలాగని 25 మిల్లీమీటర్లది కొననక్కరలేదు. ముందు అంచు కింద ఒకటి, వెనుక అంచు కింద ఒకటి, 50 మిల్లీమీటర్ల ఎత్తుగల 18 మిల్లీమీటర్ల రీపర్లను నిలబెట్టి బిగించండి. కుంగుదల 2 మిల్లీమీటర్ల లోపుకు వస్తుంది. అదే రీపరును పడుకోబెట్టి బిగిస్తే నిలబెట్టినదాని బిగువులో ఏడో వంతు కూడా ఇవ్వదు. చెక్క అదే, ఖర్చు అదే, నిలబెట్టామా పడుకోబెట్టామా అన్నదే తేడా. పెంకుటిళ్ళ దూలాలను సన్నని ముఖం పైకి వచ్చేలా నిలబెట్టి ఎందుకు వేశారో మీ ఊళ్ళో పాత ఇల్లు ఉంటే వెళ్ళి చూడండి.

కుంగకుండా చూశాం, ఊగకుండా చూడాలి. నాలుగు అట్టముక్కలకు మూలల్లో గుండుసూదులు గుచ్చి చతురస్రం చేసి పక్కకు నెట్టండి, వాలిపోతుంది. మూడింటితో త్రిభుజం చేసి నెట్టండి, కదలదు. త్రిభుజంలో భుజాల పొడవు మారకుండా కోణం మారలేదు. చతురస్రానికి ఆ కట్టుబాటు లేదు. చాలా బల్లలు రాసేటప్పుడు ఊగడానికి కారణం కాళ్ళ బలహీనత కాదు, మూలల మీద మాత్రమే భారం వేయడం. వెనుక వైపు రెండు పక్కపలకల మధ్య 350 మిల్లీమీటర్ల ఎత్తున ఒక పలకను బిగించామంటే అది ఏకకాలంలో ఎన్నో కర్ణాలు వేసినట్టు పనిచేస్తుంది. వెనుక రీపరు పని కూడా అదే చేసేస్తుంది, విడిగా అక్కరలేదు.

ఒక పూర్తి షీటు 2440 మిల్లీమీటర్ల పొడవు, 1220 వెడల్పు ఉంటుంది. మన బల్ల మొత్తం ఒక్క షీటులో వస్తుంది. షీటును నిలువునా 600 వెడల్పుగల రెండు పట్టీలుగా కోయించండి. మొదటి పట్టీలో 1200 పొడవున పైపలక, 662 పొడవున ఒక పక్కపలక. రెండో పట్టీలో 662 పొడవున మరో పక్కపలక, 1164 పొడవున ఒక ముక్క. ఈ ముక్కలో 350 వెడల్పు వెనుకపలకకు పోగా మిగిలినదాంట్లో ముందు రీపరు వస్తుంది. 1164 ఎలా వచ్చిందో గమనించారా? 1200 నుంచి రెండు పక్కపలకల మందం 36 తీసేశాం. 662 అంటే 680లో పైపలక మందం 18 పోగా మిగిలింది. పక్కపలకల వెడల్పును 560కి తగ్గించండి, వెనుక మిగిలే 40 మిల్లీమీటర్ల సందులోంచి తీగలు కిందికి దిగుతాయి. రంపం ప్రతి కోతకూ దాదాపు 3 మిల్లీమీటర్లు పొట్టుగా మారుస్తుందని లెక్కలో ఉంచుకోండి. షీటు పొడవు వెంటే పైపొర నారపోగులు ఉంటాయి. పైపలకను అడ్డంగా కోయిస్తే బిగువు తగ్గుతుంది.

ఈ పెద్ద కోతలు మీరు చేయవద్దు. షీటు బరువే 30 కిలోల వరకు ఉంటుంది. గుండ్రటి కరెంటు రంపం నేర్పులేని చేతికి ప్రమాదం. కలప అడితిలోనో, ప్లైవుడ్ దుకాణంలోనో కొలతల కాగితం ఇచ్చి కోయించండి. రంపపు పొట్టును కూడా చిన్నచూపు చూడకండి. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. గరుకు కాగితం రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు ఉండాలి. రోజంతా ఆ ధూళిలోనే పనిచేసే మేస్త్రికి మాస్కు ఎవరిస్తున్నారన్నది వేరే ప్రశ్న, కానీ అడగవలసిన ప్రశ్న.

బిగింపు దగ్గర తొందర పనికిరాదు. ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ దించితే పొరలు విడిపోతాయి. అందుకని లోపలి మూలల్లో 25 మిల్లీమీటర్ల చదరపు టేకు రీపరు ముక్కలు పెట్టి, ఆ ముక్క లోంచి రెండు పలకల్లోకీ స్క్రూలు దించండి. ముక్క 25, పలక 18, కలిపి 43. కాబట్టి 35 మిల్లీమీటర్ల స్క్రూ వాడితే మొన బల్ల పైకి పొడుచుకురాదు. ముందుగా బరమాతో స్క్రూ నడుము లావున బెజ్జం వేయండి. మేకు నారపోగులను పక్కకు తోసి రాపిడితో మాత్రమే నిలుస్తుంది, స్క్రూ తన మరలతో పోగులను పట్టుకుంటుంది. తరచు కదిలే బల్లకు మేకు చాలదు.

తెల్లజిగురు పాలీవినైల్ ఎసిటేట్ అనే పాలిమరు, నీటిలో సన్నని బిందువులుగా తేలుతూ ఉంటుంది. నీటిని చెక్క పీల్చుకోగానే ఆ బిందువులు కలిసిపోయి, చెక్క రంధ్రాల్లోకి దిగిన పొరగా గట్టిపడతాయి. అందుకే రెండు ముఖాలూ నొక్కి పట్టి ఉంచాలి. జిగురు మందంగా పూస్తే బలం పెరగదు. పూర్తి పట్టు రావడానికి ఒక రోజు వదిలేయండి.

జిగురు ఆరకముందే బల్లను వెనుక నుంచి చూసి రెండు కర్ణాలూ కొలవండి. అవి సమానమైతేనే మూలలు లంబకోణాలు. 1164, 662 భుజాలున్న చట్రం పైన కేవలం 10 మిల్లీమీటర్లు పక్కకు వాలినా కర్ణాల మధ్య తేడా 17 మిల్లీమీటర్లు వస్తుంది. కంటికి ఆనని వాలు టేపుకు దొరికిపోతుంది. ఒక్క మూల చూసుకోవాలంటే 3, 4, 5 కొలతలు ఉన్నాయి. తాడుతో యజ్ఞవేదికలు కొలిచే బౌధాయన శుల్బసూత్రంలో ఈ కర్ణం సంగతి చెప్పారు. మన తాపీమేస్త్రులు ఈనాటికీ పునాది మూలలు ఇలాగే చూస్తారు.

పైన సన్మైకా వంటి పలక అతికించదలిస్తే అడుగున కూడా ఏదైనా పొర అతికించాలి. ఒక్కవైపే అతికిస్తే అటు తేమ ఆడదు, ఇటు ఆడుతుంది, పలక గిన్నెలా వంగుతుంది. కోసిన అంచులను సన్నని చెక్కపట్టీతో మూసి లక్క పాలిష్ పూయండి. సి.పి.యు. పెట్టెను తలుపులున్న అరలో బంధించకండి. అది తాగే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి, ఆ వేడి పోవడానికి వెనుక, ముందు దారి ఉండాలి. షీటులో మిగిలిన 600 చదరపు ముక్క దాన్ని నేల నుంచి ఎత్తిపెట్టే పీటకు సరిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టి వాడే అలవాటు మానండి. ఇక రెండేళ్ళలో మీరు పొడుగైతే పక్కపలకల కింద రెండు సెంటీమీటర్ల చెక్కముక్కలు బిగించుకోండి. అదే బల్ల దగ్గర తమ్ముడో చెల్లెలో కూర్చుంటే కుర్చీ ఎత్తు పెంచి, కాళ్ళ కింద పీట వేయండి.

చివరగా మీకొక ప్రయోగం. బల్ల ముందు అంచు వెంట రెండు చివరలా ఒకే రకం నాణేలు పెట్టి, వాటి మీదుగా దారాన్ని బిగుతుగా లాగి కట్టండి. దారానికీ చెక్కకూ మధ్య సరిగ్గా నడిమిన మామూలు తెల్లకాగితాలు ఒక్కొక్కటిగా దూర్చండి. దారాన్ని తాకేసరికి ఎన్ని పట్టాయో లెక్కపెట్టండి. పది కాగితాలు సుమారు ఒక మిల్లీమీటరు. ఇప్పుడు నీళ్ళ క్యానును బల్ల నడుమ ఉంచి మళ్ళీ లెక్కపెట్టండి. పెరిగిన కాగితాలు ఇరవైకి మించకూడదు. మించితే రీపరు బిగింపు చూసుకోండి. రెండు అంకెలనూ తేదీ వేసి బల్ల అడుగున పెన్సిలుతో రాయండి. చెక్క మీద బరువు నెలల తరబడి నిలిచి ఉంటే కుంగుదల నెమ్మదిగా పెరుగుతూ పోతుంది, దీన్ని క్రీప్ అంటారు. తెర, పుస్తకాలు ఎప్పటిలాగే ఉంచి వాడుకోండి. ఆరు నెలలయ్యాక వాటిని దించి, ఖాళీ బల్ల మీద దారం కట్టి కొత్త అంకెను పాత అంకె పక్కనే రాయండి. ఒక కొలత వానాకాలంలో, ఒకటి వేసవిలో పడేలా చూసుకుంటే మరీ మంచిది.